ఇంకో పట్టు బిగించకండి

ఇవాళ డీజిల్ బండ్లు ఉన్నవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడదామని వచ్చాను. మీది బొలెరో పికప్పు కావచ్చు, టాటా ఏస్ కావచ్చు, కిరాయికి తిప్పుకునే పాత ఇన్నోవా కావచ్చు. ట్రాక్టరైనా సరే. వీటన్నిటికీ ఇంజన్ అడుగున ఆయిల్ చాంబర్ ఉంటుంది. ఆ చాంబర్‌కి బాగా కిందిభాగంలో ఒక బోల్టు ఉంటుంది. పాత ఆయిలు దింపాలంటే దాన్నే విప్పుతారు. షెడ్డుల్లో డ్రెయిన్ నట్టు అంటారు, చాంబర్ నట్టు అని కూడా అంటారు. ఈ కాసేపూ మనం మాట్లాడుకునేది ఆ నట్టు గురించే.

ఇంత చిన్న నట్టుకి ఇంత ప్రసంగమా అని మీకు అనిపించొచ్చు. అది దారిలో ఊడిపోతే ఏమవుతుందో చెబుతాను, వినండి. ఇంజన్‌లో ఉన్న ఆయిలంతా చూస్తూండగానే రోడ్డు పాలవుతుంది. స్టీరింగ్ ముందు ఆయిల్ డబ్బా బొమ్మతో ఎర్ర దీపం వెలుగుతుంది. చాలామంది ఆ దీపం చూసి, ముందున్న బంకు దాకా పోదాంలే అనుకుంటారు. అప్పటికే టర్బో ఆయిల్ లేకుండా తిరుగుతూ ఉంటుంది. టర్బో అంటే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు. దాని వెనకే క్రాంకు బేరింగులు పట్టేస్తాయి. అందుకని ఆ ఎర్ర దీపం వెలిగిందంటే బండి పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యాల్సిందే. బంకు దాకా వద్దు. ఎదురుగా కనిపించే చెట్టు నీడ దాకా కూడా వద్దు.

అయితే నట్టు పూర్తిగా ఊడిపోవడం అరుదు. ఎక్కువగా కనిపించేది వేరే ఉంది. చుక్క పడటం. ఆయిల్ మార్పించి వారం తిరక్కుండానే బండి కింద నల్ల మచ్చ కనిపిస్తుంది. డ్రైవరు షెడ్డుకి వెళ్తాడు. "తమ్ముడూ, చుక్క పడుతోంది, ఇంకో పట్టు బిగించు" అంటాడు. ఆ కుర్రాడు పొడుగాటి స్పానర్ తీసుకుని, బండి చక్రానికి కాలు తన్నిపట్టి, ఒక్క లాగు లాగుతాడు. చుక్క ఆగుతుంది. ఇద్దరూ టీ తాగుతారు. తర్వాతసారి ఆయిల్ మార్చినప్పుడు మళ్ళీ చుక్క, మళ్ళీ ఇంకో పట్టు. ఇలా జరిగి జరిగి ఒకరోజు స్పానర్ తిరుగుతూనే ఉంటుంది, నట్టు మాత్రం బిగుసుకోదు. మర పోయింది. ఇక ఖర్చు నట్టుది కాదు, చాంబర్‌ది.

నేను చెప్పదలచుకున్న సంగతి ఇదీ. ఆయిల్‌ని ఆపేది నట్టు కాదు, నట్టు తల కింద ఉండే వాషర్. మళ్ళీ చెబుతున్నాను. ఆయిల్‌ని ఆపేది వాషర్. ఆ వాషర్‌ని కదలకుండా నొక్కి పట్టడమే నట్టు పని.

మన ఇంట్లో కుళాయి సంగతే చూడండి. పాత ఇత్తడి కుళాయి ఒకటి రాత్రంతా చుక్క చుక్కగా కారుతూ ఉంటుంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్ళి గట్టిగా తిప్పి వస్తారు. ఆ పూటకి ఆగుతుంది. మర్నాడు ఇంకాస్త గట్టిగా తిప్పాల్సి వస్తుంది. కొన్నాళ్ళకి పిల్లల చేత కాదు, నాయనమ్మ చేత అసలే కాదు. చివరికి ప్లంబర్ వచ్చి కుళాయి విప్పి, లోపలి వాషర్ తీసి చూపిస్తాడు. అది నలిగి, మధ్యలో గాడి పడి ఉంటుంది. కొత్త వాషర్ వేశాక రెండు వేళ్ళతో తిప్పినా నీళ్ళు ఆగుతాయి. డ్రెయిన్ నట్టు కథ అచ్చం ఇదే.

ఇప్పుడు ఆ వాషర్‌ని కాస్త దగ్గరగా చూద్దాం. ఎక్కువ బండ్లకి రాగిదో అల్యూమినియందో ఉంటుంది. రెండూ మెత్తని లోహాలు. నట్టు బిగించినప్పుడు అది కొంచెం నలుగుతుంది. చాంబర్ ముఖం మీద కంటికి కనపడని గీతలుంటాయి. నలిగిన రాగి ఆ గీతల్లోకి కూర్చుంటుంది. ఆయిల్‌కి దారి మూసుకుపోతుంది. అయితే రాగికి ఒక గుణం ఉంది. ఒకసారి నలిగిందంటే గట్టిపడిపోతుంది. రెండోసారి అదే వాషర్ వేస్తే అది నలగదు, గీతల్లోకి కూర్చోదు. అందుకే చుక్క. ఆ చుక్కని ఆపడానికే మనం ఇంకో పట్టు పడుతున్నాం. గట్టిపడ్డ రాగిని బలవంతంగా నలపడానికి చాంబర్ మరలని బలిపెడుతున్నాం.

కాబట్టి ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్త వాషర్. ఆయిల్ డబ్బా, ఫిల్టరు కొనేటప్పుడు దాన్ని కూడా అడిగి కొనండి. మొత్తం బిల్లులో దాని ఖరీదు లెక్కలోకి కూడా రాదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ రాణీగంజ్‌లోనో అడిగితే రకరకాల సైజులు దొరుకుతాయి. పాత వాషర్ చేతిలో పట్టుకుని వెళ్ళండి. లోపలి రంధ్రం సరిపోవాలి, మందం కూడా సరిపోవాలి.

ఊళ్ళో వాషర్ దొరకలేదు, బండి ఆగకూడదు. అప్పుడు పాత పెద్ద మేస్త్రీలు చేసే పని ఒకటుంది, అది సరైనదే. రాగి వాషర్‌ని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద ఎర్రబడే దాకా కాల్చి, నీళ్ళలో వెయ్యండి. ఉక్కునైతే అలా చేస్తే గట్టిపడుతుంది. రాగి మాత్రం మళ్ళీ మెత్తబడుతుంది. మీద పట్టిన నల్ల పొర తుడిచేసి వాడుకోవచ్చు. ఇది రాగికి మాత్రమే. అల్యూమినియం వాషర్‌ని మంటలో పెట్టకండి. రబ్బరు అంచు ఉన్న వాషర్‌ని అసలే పెట్టకండి.

ఇంకో సంగతి. నట్టు విప్పగానే దాని తల కింద వాషర్ ఉందో లేదో చూడండి. లేకపోతే, అది చాంబర్‌కి అంటుకుని ఉండిపోయిందన్నమాట. ఆయిల్ మసిలో కలిసిపోయి కంటికి ఆనదు. గోటితో అంచు గీకి చూడండి. చాలామంది అది గమనించక దాని మీదే ఇంకో కొత్త వాషర్ వేసేస్తారు. ఒకదాని మీద ఒకటి రెండు వాషర్లు పడితే కారే ప్రమాదం ఎక్కువ. కొత్త వాషర్ వేసినా కారుతోందండీ అని షెడ్డుకి వచ్చేవాళ్ళలో కొందరిది ఇదే కథ.

సరే, వాషర్ కొత్తది వేశాం. ఇక ఎంత బిగించాలి? బండితో వచ్చిన పుస్తకంలో టార్క్ అని ఒక అంకె ఉంటుంది. 14 మిల్లీమీటర్ల మర ఉన్న నట్టుకి చాలా కార్లలో అది 30 నుంచి 45 న్యూటన్ మీటర్ల మధ్యలో ఉంటుంది. మీ బండికి మీ పుస్తకంలోని అంకే ప్రమాణం. కానీ అంకె చెబితే చేతికి అర్థం కాదు కదా. చేతి లెక్కలో చెబుతాను. 40 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మీ చేతిలో పాతిక సెంటీమీటర్ల రింగ్ స్పానర్ ఉంది, అంటే జానెడు కంటే కాస్త పొడుగు. దాని చివర 16 కిలోల బరువు వేలాడితే ఎంత లాగుతుందో, అంత బలం చాలు. ఒక చేత్తో, మోచెయ్యి మాత్రమే కదిలేలా లాగే బలం అది. నడుము వంచి లాగాల్సిన పని లేదు.

ఇప్పుడు అదే స్పానర్‌కి మీటరు పొడవు పైపు తొడిగారనుకోండి. అంతే బలంతో లాగారు. చేతికి తేడా ఏమీ తెలియదు. నట్టు మీద మాత్రం నాలుగింతలు పడింది. గాలి గన్నుతో బిగిస్తే ఎంత పడిందో పట్టుకున్నవాడికి కూడా తెలియదు. డ్రెయిన్ నట్టు దగ్గరికి గాలి గన్ను తెచ్చే షెడ్డులో మీరు పక్కనే నిలబడి, "చేత్తో పెట్టు బాబూ" అనండి. మొహమాటపడకండి. చాంబర్ మీది.

స్పానర్ సైజు గురించి కూడా ఒక మాట. నట్టు తల 17 మిల్లీమీటర్లదైతే 17 స్పానరే పట్టాలి. కొన్ని షెడ్డుల్లో పాత అంగుళాల స్పానర్లు కలిసిపోయి ఉంటాయి. 11 బై 16 అంగుళాల స్పానర్ అంటే దాదాపు పదిహేడున్నర మిల్లీమీటర్లు. 17 నట్టు మీద అది కూర్చున్నట్టే ఉంటుంది. లాగగానే మూలలు జారతాయి. మూలలు పోయిన నట్టుకి పైప్ రెంచ్ వేస్తారు, తర్వాత ఉలి, సుత్తి. తల గుండ్రబడిన నట్టు కనిపిస్తే అదే రోజు కొత్త నట్టు కొనండి. వచ్చేసారి చూద్దాంలే అంటే వచ్చేసారి అది రానే రాదు.

బిగించేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు స్పానర్ వాడకండి. వేళ్ళతోనే తిప్పండి. మర సరిగ్గా పట్టుకుంటే వేళ్ళతో హాయిగా వెళ్తుంది. వెళ్ళకపోతే అడ్డంగా పడిందన్నమాట. తీసి మళ్ళీ పెట్టండి.

మర పోయిందో లేదో నట్టే చెబుతుంది. విప్పాక గుడ్డతో తుడిచి వెలుతుర్లో పట్టుకుని చూడండి. మరల గాళ్ళలో తెల్లగా మెరిసే సన్నటి చుట్టలు ఇరుక్కుని ఉన్నాయా? నట్టు ఉక్కుది, ఉక్కు అలా తెల్లగా ఊడి రాదు. అది చాంబర్ అల్యూమినియం. చాంబర్ లోపలి మర ఊడి నట్టుతో బయటికి వచ్చేసిందన్నమాట. రేకు చాంబర్లలో ఈ బాధ తక్కువ. వాటికి లోపల ఉక్కు నట్టు వెల్డింగ్ చేసి ఉంటుంది. అల్యూమినియం చాంబర్ బండ్లవాళ్ళే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మర పోతే ఏం చెయ్యాలి? టెఫ్లాన్ టేపు చుట్టడం, ఎం-సీల్ పూయడం పరిష్కారం కాదు. టేపు ముక్క తెగి లోపలికి పోతే ఆయిల్ పంపు పీల్చే జాలీ దగ్గర అడ్డం పడుతుంది. తన మర తానే కోసుకుంటూ వెళ్ళే లావు నట్లు బజారులో దొరుకుతాయి. అవి ఇంటికి చేరడానికి పనికొస్తాయి, అంతవరకే. అసలు దారులు రెండు. ఒకటి, 14 మర పోయిన చోట 16 కి ట్యాప్ కొట్టించి 16 నట్టు వెయ్యడం. రెండోది, హెలికాయిల్ వేయించడం. అది స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుట్ట. రంధ్రంలో కూర్చోబెడితే అదే కొత్త మర అవుతుంది. నట్టు సైజు మారదు. అల్యూమినియం కంటే ఆ స్టీలు మర గట్టిది కూడా. నన్నడిగితే నా ఓటు హెలికాయిల్‌కే. ఏది చేయించినా రెండు జాగ్రత్తలు. ట్యాప్ నిటారుగా దిగాలి, ఒరిగితే వాషర్ ఒక పక్కే నొక్కుకుని మళ్ళీ కారుతుంది. ట్యాప్‌కి గ్రీజు దట్టంగా పూయాలి, అప్పుడు రజను ఆ గ్రీజుకే అంటుకుంటుంది. పని అయ్యాక పైనుంచి అర లీటరు ఆయిల్ పోసి కిందికి వదిలెయ్యండి. మిగిలిన రజను దాంతో బయటికి వచ్చేస్తుంది.

చాంబర్ బండికి ఉండగానే వెల్డింగ్ పెడతానని ఎవరైనా అంటే వద్దనండి. లోపల ఆయిల్ ఉంటుంది, మంటతో చెలగాటం. చాంబర్ దింపి చేయించండి. బండి మీద ఇంకెక్కడ వెల్డింగ్ చేయించినా ముందు బ్యాటరీ తీగలు తీయించండి. ఇప్పటి కామన్ రెయిల్ బండ్లలో కంప్యూటర్ పెట్టె ఉంటుంది. అది కాలిపోతే దాని ముందు చాంబర్ ఖరీదు ఏ మూలకి?

ఎలాగూ నట్టు మారుస్తున్నాం కదా, మంచిది వేద్దాం అనుకునేవాళ్ళూ ఉంటారు. అలాంటివాళ్ళకి బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి అయస్కాంతం ఉన్న నట్టు. ఇంకోటి విప్పే పనే లేకుండా చిన్న మీట తిప్పితే ఆయిల్ దిగే వాల్వ్.

అయస్కాంతం నట్టు ముందు. ఇంజన్‌లో అరిగిన ఇనప రజను దాని కొసకి అంటుకుంటుంది. ఆయిల్ మార్చేటప్పుడు చూడాలి. నల్లటి మెత్తటి ముద్ద ఉండి, వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకపోతే, అది మామూలు అరుగుదలే. భయం లేదు. సూదుల్లాంటివో, పెచ్చుల్లాంటివో తగిలితే మాత్రం మేస్త్రీకి చూపించండి. అయితే బేరింగుల మీద పూత రాగి, సీసం, తగరం, అల్యూమినియం లాంటి లోహాలతో ఉంటుంది. అయస్కాంతం వాటిని పట్టదు. కొస శుభ్రంగా ఉంది కాబట్టి ఇంజన్ బాగుంది అని తీర్మానించకండి. దీనివల్ల ఇంజన్ ఆయుష్షు రెట్టింపవుతుందని అమ్మేవాడు చెబుతాడు. నేను నమ్మను. రజను పట్టడానికి ఫిల్టరు ఉండనే ఉంది. దీంతో లోపలి సంగతి ముందుగా తెలుస్తుంది, దానికోసం వేసుకోండి. బాగా చవకది మాత్రం కొనకండి. అయస్కాంతాన్ని జిగురుతో అంటించి అమ్ముతారు, వేడికి ఊడి చాంబర్‌లో పడుతుంది. పైగా మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోవడం మొదలుపెడుతుంది. బరువు లాగే బండిలో ఆయిల్ 100 డిగ్రీలకి చేరుతుంది. వేడికి తట్టుకునే రకమేనా అని అడిగి తీసుకోండి. పాత నట్టు పక్కన పెట్టి పొడవు కూడా సరిచూడండి.

ఇక వాల్వ్. మీట తిప్పగానే ఆయిల్ దిగుతుంది. స్పానర్ అక్కర్లేదు, వాషర్ మాటిమాటికీ మార్చక్కర్లేదు. మర అరిగే సమస్యే ఉండదు. ఒకేచోట ఉండే జనరేటరుకి, డీజిల్ పంపుసెట్టుకి ఇది చాలా బాగుంటుంది. పొలం గట్ల మీద, కంకర దారుల్లో తిరిగే పికప్పుకి మాత్రం నేను సలహా ఇవ్వను. నట్టు కంటే అది కిందికి వేలాడుతుంది. రాయి తగిలినా, పత్తి మోళ్ళు తగిలినా దెబ్బ వాల్వ్‌కే. వేసుకోవాలనే ఉంటే మీటకి తాళం క్లిప్పు ఉన్నది వేసుకోండి. చాంబర్ కింద రక్షణ పలక ఉన్న బండికి వేసుకోండి. దాని రంధ్రం చిన్నది కాబట్టి ఆయిల్ నెమ్మదిగా దిగుతుంది. తొందరపడి మూసెయ్యకండి.

ట్రాక్టర్ రైతులకి ప్రత్యేకంగా రెండు మాటలు. ట్రాక్టర్ అడుగున నట్లు చాలా ఉంటాయి. ఇంజన్‌ది వేరు, గేర్ బాక్సుది వేరు, వెనక హౌసింగ్‌ది వేరు. ఇంజన్ నట్టు అనుకుని గేర్ ఆయిల్ దింపేసి, మీదనుంచి ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసినవాళ్ళున్నారు. పుస్తకంలో బొమ్మ చూసి సున్నంతో ఒక గుర్తు పెట్టుకోండి. ఇక రెండోది. కొన్ని గేర్ బాక్సులకి, పాత జీపులకి కూడా, వాషర్ లేని నట్టు ఉంటుంది. కొస సన్నగా, పైకి పోయేకొద్దీ లావుగా ఉంటుంది. దాన్ని టేపర్ ప్లగ్ అంటారు. ఇందాకటి నుంచి చెప్పిన వాషర్ లెక్క దీనికి వర్తించదు. ఇది మరతోనే ఆయిల్‌ని ఆపుతుంది, కాబట్టి మరలకి పూసే సీలెంట్ దీనికి వాడొచ్చు. కానీ అతిగా బిగిస్తే మేకులా దిగి పోత ఇనుము పగులుతుంది. ఇక్కడ కూడా ఇంకో పట్టు వద్దు.

ఆయిల్ దింపే పని మీరే చేసుకునేటట్టయితే, ఇంజన్ కాసేపు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపండి. మసిలే వేడి మీద వద్దు, చెయ్యి కాలుతుంది. బండి చదునుగా ఉండాలి, చక్రాలకి రాళ్ళు పెట్టాలి, ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. నట్టు చివరి చుట్లలో దాన్ని లోపలికి నొక్కి పట్టి తిప్పి, ఒక్కసారిగా పక్కకి లాగెయ్యండి. మోచేతి దాకా ఆయిల్ కారకుండా ఉంటుంది. పాత ఆయిల్‌ని కాలవలో పొయ్యకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి షెడ్డుకి ఇవ్వండి, అక్కడినుంచి కొనుక్కుపోయేవాళ్ళుంటారు.

అన్నీ చేశాక నట్టునీ దాని చుట్టుపక్కలనీ పొడిగుడ్డతో బాగా తుడిచి, రాత్రికి బండి కింద ఒక అట్టముక్క పరవండి. పొద్దున్నే చూడండి. మచ్చ ఉంటే వెంటనే స్పానర్ తియ్యకండి. ముందు వేలు పెట్టి చూడండి. నట్టు పైన చాంబర్ గోడ తడిగా ఉందా? అయితే ఆయిల్ పైనుంచి వస్తోంది. ఫిల్టరు దగ్గర్నుంచి కావచ్చు, టర్బో నుంచి ఆయిల్ తిరిగొచ్చే గొట్టం కావచ్చు, క్రాంకు వెనక సీలు కావచ్చు. ఎక్కడ కారినా జారి జారి చివరికి ఆ నట్టు దగ్గరే చుక్కగా నిలుస్తుంది, కిందిభాగం అదే కాబట్టి. పైనంతా పొడిగా ఉండి నట్టు అంచు మాత్రమే తడిస్తే, అప్పుడు వాషర్ చూడండి.